వికీపీడియాలో కొత్త విద్యార్థికి తొలి పాఠం

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. ఇది ఎవరైనా చదవగల, ఎవరైనా రాయగల విజ్ఞాన సర్వస్వం. ఖాతా తెరిచిన కొత్తవారికి పాత సభ్యులు చర్చాపేజీలో స్వాగతం చెప్పి, సహాయపు పేజీలు చూపిస్తారు. సందేహాలుంటే 'రచ్చబండ' అనే పేజీలో అడగవచ్చు. పేరుకు తగ్గట్టే అది అందరూ కూర్చుని మాట్లాడుకునే చోటు.

అయినా చాలామంది విద్యార్థులు మొదటి వారంలోనే మానేస్తారు. కారణం ఒకటే. ఏదో పుస్తకంలోని పేరాలు ఎత్తి రాస్తారు, దాన్ని తొలగిస్తారు, 'నా రాత తీసేశారు' అని మళ్ళీ అటు చూడరు. వికీలో రాసినదాన్ని ఎవరైనా తిరిగి వాడుకోవచ్చు. కనుక ఇతరులకు హక్కున్న రాతను మనం అక్కడ పంచిపెట్టలేము. ఈ రెండు ముక్కలు తొలగించినవారు చర్చాపేజీలో చెబితే ఆ పిల్లవాడు నిలబడతాడు. మన హాస్టల్లో కొత్త తమ్మునికి ట్రంకుపెట్టె ఎక్కడ పెట్టాలో చూపిన అన్నే కదా ఏళ్ళ తరబడి గుర్తుండేది!

చేరగానే పెద్ద వ్యాసం ఎత్తుకోవద్దు. ముందు మీ ఊరి పేజీ తెరిచి అక్షరదోషాలు దిద్దండి. జిల్లా పేరు సరిగా ఉందో లేదో చూడండి. 2016 అక్టోబరు 11న కల్వకుర్తి నాగర్‌కర్నూల్ జిల్లాలోకి, ఆమనగల్లు, తలకొండపల్లి, మాడ్గుల రంగారెడ్డి జిల్లాలోకి వెళ్ళాయి.

తర్వాత ఒక్క వాక్యం రాయండి, మూలంతో. 1989లో ఎన్.టి.రామారావు కల్వకుర్తిలో చిత్తరంజన్ దాస్ చేతిలో ఓడిపోయారని ఇక్కడ ఎవరినడిగినా చెబుతారు. కానీ 'అందరికీ తెలుసు' అన్నది మూలం కాదు. ఎన్నికల సంఘం నివేదికను చూపాలి.

ఈ నియమం మన పల్లెలకు కొంత కఠినమే. చెరువు ఎవరు తవ్వించారో అవ్వ చెబుతుంది గానీ ఏ పుస్తకంలోనూ ఉండదు. అలాగని నియమం సడలిస్తే ఎవరి కులం గొప్ప వారు రాసుకుంటారు, ఆ పోటీలో మన మాట వినబడదు. అవ్వ మాటను నోటుబుక్కులో రాసిపెట్టుకోండి, అచ్చులోకి వచ్చే రోజు రావచ్చు. చెరువు ఫొటోకు మాత్రం పుస్తకం అక్కరలేదు. మీరు స్వయంగా తీసినదైతే వికీమీడియా కామన్స్‌లోకి ఎక్కించి వ్యాసంలో పెట్టవచ్చు.

మరో సంగతి. మీ సభ్యపేజీలో ఫోను నంబరు, ఇంటి చిరునామా రాయవద్దు. చర్చాపేజీలో రాసిన ప్రతిసారీ చివర నాలుగు టిల్డె గుర్తులు పెట్టండి, మీ సభ్యనామం, తేదీ వాటంతటవే వస్తాయి. వ్యాసంలో మాత్రం సంతకం చేయకూడదు.