లాప్‌టాప్ మొరాయిస్తోందా? కొత్తది కొనే ముందు ఇవి చూడండి

"మా లాప్‌టాప్ ఆన్ అయ్యేలోపు అన్నం తినేసి రావచ్చు టీచర్!" ప్రాజెక్టు ఎందుకు ఆలస్యమైందని అడిగితే ఒక విద్యార్థి చెప్పిన మాట ఇది. సాకు అనుకోలేదు. నా బీఈడీ నాటి లాప్‌టాప్ కూడా అంతే.

ముందు లోపం ఎక్కడుందో చూడండి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది.

• 'డిస్క్' ఎప్పుడూ 100 శాతం దగ్గరే ఉందా? లోపల పాత హార్డ్ డిస్క్ ఉంటే, దాని బదులు ఎస్‌ఎస్‌డీ వేయించండి. వేగంలో తేడా మొదటి రోజే తెలుస్తుంది.

• 'మెమరీ' నిండిపోతోందా? 4 జీబీ ర్యామ్‌ను 8 జీబీకి పెంచవచ్చు. అయితే డీడీఆర్3 స్లాటులో డీడీఆర్4 పట్టదు. కొన్ని మోడళ్లలో ర్యామ్ మార్చడమే కుదరదు. మోడల్ నంబరు చూసుకునే కొనండి.

• టచ్‌ప్యాడ్ పైకి లేచిందా? బ్యాటరీ ఉబ్బి ఉండవచ్చు. ఆఫ్ చేసి, చార్జర్ తీసేసి, పిల్లలకు దూరంగా ఉంచండి. మీరు విప్పకుండా మెకానిక్‌కు చూపించండి.

అన్నిటికంటే ముందు ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. ఆ పని చేయకుండా రిపేరుకిచ్చి, రెండేళ్లు రాసుకున్న లెసన్ ప్లాన్లు పోగొట్టుకున్నాను. డిస్క్ కొత్తది దొరికింది కానీ, అవి మళ్లీ దొరకలేదు.

ఈ ఆదివారం ఆ కాపీ చేసే పని మీ అబ్బాయికో, అమ్మాయికో అప్పగించి, మీరు పక్కన కూర్చోండి. ఇద్దరికీ ఒక పాఠం అవుతుంది.