జోనంగికి సంగటి ముద్ద ఒక్కటే చాలదు

కళ్లంలో వేరుశనగ కుప్ప, దొడ్లో నాలుగు గొర్రెలు, గడప ముందు ఒక కుక్క. అనంతపురం మెట్ట పల్లెల్లో చాలా ఇళ్ల దగ్గర ఈ మూడూ కనిపిస్తాయి. మొదటి రెండింటికీ ఖర్చు లెక్క రాసుకునే రైతు మూడోదానికి మిగిలిన సంగటి ముద్ద వేసి సరిపెడతాడు. కుక్కే కదా అనుకుంటాం. కానీ దాని ఆరోగ్యంతోనే ఇంట్లో పిల్లల ఆరోగ్యమూ, దొడ్లో జీవాల ఆరోగ్యమూ ముడిపడి ఉన్నాయి. నాటు జాతి కుక్కను ఇంట్లో పెంచుకోవాలనుకునే రైతులు ముందు ఈ సంగతి తెలుసుకోవాలి.

మన సొంత జాతి

పశ్చిమ దేశాల్లో టెర్రియర్ అనే చిన్న జాతి కుక్కలున్నాయి. నేల తవ్వి, బొరియల్లో దూరిన ఎలుకల్ని, నక్కల్ని పట్టడం వాటి పని. మన రాష్ట్రపు జోనంగి ఆ కోవకు చెందింది కాదు గానీ, మట్టి తవ్వడంలో వాటికేమీ తీసిపోదు. గుంట తవ్వుకొని అందులో పడుకోవడం దీని అలవాటు. పొట్టి వెంట్రుకలు, సన్నని ఒళ్లు. మామూలు కుక్కలా గట్టిగా మొరగడం తక్కువ, రాగం తీసినట్టు కూస్తుంది.

కొల్లేరు చుట్టుపక్కల బాతుల మందల్ని తోలడానికి ఈ కుక్కల్ని పెంచేవారు. బాతుల మందలు తగ్గి చేపల చెరువులు పెరిగాక దీనికి పని పోయింది. పని పోయిన జాతిని మేపేవారూ తగ్గారు. 2005లో తపాలా శాఖ నాలుగు దేశవాళీ కుక్కల బొమ్మలతో స్టాంపులు విడుదల చేసింది. పొరుగున ఉన్న కర్ణాటక ముధోల్, తమిళనాడు రాజపాళయం కుక్కలకు అందులో చోటు దక్కింది. జోనంగికి దక్కలేదు.

పేరు చూసి డబ్బు పోయకండి. తల్లిని కళ్లారా చూసి, 8 వారాలు నిండిన పిల్లనే తెచ్చుకోవాలి. జోనంగి దొరక్కపోతే ఊళ్లో పుట్టిన నాటు పిల్లయినా మేలే. కింద చెప్పే పద్ధతులన్నీ దానికీ పనికొస్తాయి.

అలవాట్లు నేర్పడం

ఈ జాతి ఒక ఇంటికి, ఒక యజమానికి బాగా అతుక్కుపోతుంది. కొత్తవారిని త్వరగా నమ్మదు. అందుకే పిల్లగా ఉన్నప్పుడే పిల్లలకు, గొర్రెలకు, వచ్చేపోయే చుట్టాలకు మచ్చిక చేయాలి. తవ్వే అలవాటును కొట్టి మాన్పలేం. చెట్టు నీడన కాస్త ఇసుక పోసి, ఆ చోటు దానికే వదిలేయండి. పగలంతా గొలుసుతో కట్టేసిన కుక్క చిరాకుపడి కరుస్తుంది. తింటున్న కుక్క దగ్గరికి చిన్నపిల్లల్ని పోనీయకండి.

చేలో కాపలాకు వాడుకోవచ్చు గానీ, అడవిపందుల మీదికి ఉసిగొల్పితే కుక్క ప్రాణానికే ముప్పు. కుందేళ్లను, కృష్ణజింకలను కుక్కతో వేటాడించడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం.

మేత, నీరు

రాగి సంగటి, అన్నం మజ్జిగతో కలిపి పెట్టవచ్చు. అయితే వాటితోనే సరిపెట్టకుండా ఉడికించిన గుడ్డో, మాంసమో తోడు చేయాలి. పిల్లలకు రోజుకు 3, 4 సార్లు, పెద్దవాటికి 2 సార్లు పెడితే చాలు. బూజు పట్టిన వేరుశనగ కాయలు, చెక్క ఎట్టి పరిస్థితిలోనూ వేయకూడదు. ఆ బూజులో పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషం కుక్క కాలేయాన్ని దెబ్బతీస్తుంది. ఉల్లిపాయలు కూడా పనికిరావు. ఎండాకాలంలో నీడన నీళ్ల తొట్టి ఎప్పుడూ నిండుగా ఉండాలి.

చేలో ఎలుకలకు జింక్ ఫాస్ఫైడ్ ఎర పెట్టిన రోజుల్లో కుక్కను కట్టేసి, చచ్చిన ఎలుకల్ని లోతుగా పూడ్చాలి. గోమార్లు పట్టాయని పంటకు కొట్టే పురుగుమందు కుక్కకు పూయకండి. పశువైద్యుడు ఇచ్చే మందే వాడాలి.

గొర్రె తలకాయతో జాగ్రత్త

గొర్రెను కోసినప్పుడు తలకాయ, పేగులు, కాలేయం కుక్కకు విసిరేయడం మన పల్లెల్లో మామూలు. ఇదే పెద్ద తప్పు. గొర్రె మెదడులోని నీటి బుడగను తిన్న కుక్క పేగుల్లో బద్దె పురుగు పెరుగుతుంది. దాని గుడ్లు పెంటతో పచ్చిక మీద పడతాయి. ఆ పచ్చిక మేసిన గొర్రె మెదడులో మళ్లీ బుడగ ఏర్పడుతుంది. ఆ జీవం తల ఒక పక్కకు వాల్చి, గుండ్రంగా తిరిగి తిరిగి పడిపోతుంది. కాలేయం, ఊపిరితిత్తుల బుడగల వల్ల కుక్కకు పట్టే మరో రకం పురుగు గుడ్లు చేతుల ద్వారా మనుషుల కడుపులోకీ చేరి, కాలేయంలో బుడగలు కడతాయి.

అందుకే పచ్చి అవయవాలు వేయకుండా పూడ్చిపెట్టాలి. కనీసం 3 నెలలకోసారి ప్రాజిక్వాంటెల్ ఉన్న పురుగుల మందు తాగించాలి. మోతాదు కుక్క బరువును బట్టి వైద్యుడు చెబుతారు. కుక్కను తాకిన చేతుల్ని అన్నానికి ముందు సబ్బుతో కడగాలి.

పిచ్చికుక్క రోగం

పిల్లకు 3 నెలల వయసులో రేబిస్ టీకా వేయించాలి. డాక్టరు చెప్పిన గడువుకు రెండో మోతాదు, ఆ తర్వాత ఏటా ఒకటి వేయించాలి. జూలై 6న జూనోసిస్ దినం సందర్భంగా పశువైద్యశాలల్లో కుక్కలకు ఉచితంగా టీకాలు వేస్తుంటారు. ఆ రోజు పని మానుకొనైనా తీసుకుపోండి.

కుక్క కాటుకు చెప్పు దెబ్బ అన్నది సామెత వరకే. కరిచినా, గీరినా పుండును పారే నీటితో, సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. కారం, సున్నం, ఆకు పసర్లు పెట్టకూడదు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లి, చెప్పిన తేదీలన్నిటికీ టీకాలు పూర్తి చేయాలి. లోతు గాయమైతే టీకాతో పాటు గాయం చుట్టూ వేసే మందు కూడా అవసరమవుతుంది. 'మా ఇంటి కుక్కే కదా' అని ఆగిపోకండి. రోగ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం.

విత్తనాల ఖర్చు రాసుకునే పుస్తకంలోనే ఒక పేజీ కుక్కకు కేటాయించండి. టీకా వేయించిన తేదీ, పురుగుల మందు తాగించిన తేదీ అందులో రాయండి. పని, తిండి, వైద్యం మూడూ అందిన ఇంట్లోనే నాటు జాతి నిలుస్తుంది. ఆ ఇంటికీ దానివల్ల కీడు రాదు.