అప్పగింపబడిన చెయ్యి

పఠనము : నిర్గమకాండము 31:1–11, మత్తయి 25:14–30, యోహాను 13:1–17

హైదరాబాదు, విశాఖపట్టణము, బెంగుళూరు వంటి పట్టణములలో ఈ దినములలో అనేకమంది యౌవనస్థురాండ్రు ఒక క్రొత్త వృత్తిచేత జీవనము చేయుచున్నారు. గోళ్లను శుభ్రపరచి, ఆకురాయితో తీర్చి, రంగు వేయుట వారి పని. వారిని నెయిల్ టెక్నీషియన్లని పిలుచుచున్నారు. ఇది చిన్న పనిగా కనబడవచ్చును. అయితే దీనిలో ఒక విశేషము కలదు. దర్జీ బట్టను తీసికొని పోయి ఒక మూల కూర్చుండి కుట్టును. వంటచేయువాడు గోడ వెనుక వండును. గోళ్ల పని చేయు స్త్రీ అయితే ఎదుట కూర్చున్న మనుష్యురాలి చేతిని తన చేతిలో పట్టుకొని, ఆమె కన్నులు తన వ్రేళ్లమీదనే యుండగా గంటసేపు పనిచేయవలెను. చెయ్యి వణకినయెడల ఆ వణకు వెంటనే రెండవ చేతికి తెలిసిపోవును.

గోదావరి ప్రాంతపు పల్లెనుండి వచ్చి, కొన్ని మాసములు శిక్షణ పొంది, నగరములోని ఒక పార్లరులో చేరిన విశ్వాసియైన యువతిని ఊహించుకొనుడి. తనతో నేర్చుకొన్నవారి గోళ్లపై ఆమె చక్కగానే పనిచేసినది. కాని తలుపు తెరచి ఒక అపరిచిత స్త్రీ లోపలికి వచ్చి, ఎదుటి కుర్చీలో కూర్చుండి, రెండు చేతులు చాచగానే నేర్చుకొన్నదంతయు మరచినట్లగును. ఈమె పెద్ద పార్లరులలో చేయించుకొన్నది కాబోలు. నా పని చూచి నవ్వునేమో. యజమానురాలితో ఫిర్యాదు చేయునేమో. వచ్చిన స్త్రీ ఇంకను ఒక్క మాటయైనను పలుకలేదు. ఆమె పలుకని మాటలన్నియు ఈ యువతియే ఆమె పక్షముగా తన హృదయములో పలుకుకొన్నది.

ఒక్క తలాంతు పొందిన దాసుని చరిత్ర ఇచ్చట జ్ఞప్తికి తెచ్చుకొనదగినది. ఆ ఉపమానము మన సంఘములలో ఎక్కువగా సోమరితనమును గూర్చియే బోధింపబడుచున్నది. యజమానుడు వానిని సోమరియని గద్దించిన మాట నిజమే. అయితే దాసుడు తన నోట చెప్పుకొన్న కారణము వేరు. అతడు భయపడెను. ఆ భయము ఎచ్చటనుండి పుట్టినది? తన శక్తిని కొలుచుకొనుటవలన పుట్టలేదు. యజమానుడు కఠినుడని తనలో తాను ముందే తీర్పు తీర్చుకొనుటవలన పుట్టినది. మిగిలిన ఇద్దరికిని యజమానుడు అతడే. వారు వెంటనే వ్యాపారములో దిగిరి. పైగా ఎవరికెంత అప్పగింపవలెనో వారి వారి శక్తిని చూచి యజమానుడే నిర్ణయించెనని 15వ వచనమువలన తెలియుచున్నది. అనగా ఆ దాసుడు మోయలేని భారము అతనిపై పెట్టబడలేదు.

ఆత్మసందేహము సాధారణముగా తగ్గింపు అను వస్త్రము ధరించుకొని వచ్చును. ఆ వస్త్రమును తొలగించి చూచినయెడల, ఎదుటి మనుష్యునిమీద మనము రహస్యముగా తీర్చిన తీర్పు దానిలో కనబడుట కలదు. క్రొత్తగా వచ్చిన స్త్రీని ఎగతాళి చేయు దానినిగా ఎంచుట ఆమెకు చేయబడిన అన్యాయమే గదా!

ఇక నిజముగా నేర్పు చాలదేమో యను సందేహమును చూతము. దేవుని ఆత్మతో నింపబడెనని లేఖనము పేరు పెట్టి చెప్పిన మొదటి మనుష్యుడు యాజకుడు కాడు, ప్రవక్తయు కాడు. చేతిపని చేయు బెసలేలు. బంగారము, వెండి, ఇత్తడి, రత్నములు, కఱ్ఱ అతని చేతికి అప్పగింపబడెను. అతడు పుట్టిన జనమో, నిన్న మొన్నటివరకు ఐగుప్తులో ఇటుకలు చేసిన జనము. ఇచ్చట వరుసను గమనింపవలెను. ముందు దేవుడు అతనిని పేరుపెట్టి పిలిచెను. పిమ్మట నేర్పు ననుగ్రహించెను. అటుతరువాత దాను గోత్రికుడైన అహోలీయాబును తోడుగా నిచ్చెను. ఇతరులకు నేర్పు మనస్సును కూడ వారిద్దరికి కలుగజేసెనని 35వ అధ్యాయము 34వ వచనము తెలుపుచున్నది. దేవుడిచ్చిన వరమైనను, ఒకరినుండి ఒకరు నేర్చుకొనవలసిన వరమే అది. కాబట్టి, అక్కా, ఈ గోరు ఎందుకిట్లు విడిపోవుచున్నది, ఒకసారి చూడుమని తోటి పనివారిని అడుగుట ఆ యువతికి అవమానము కాదు. అడుగజేయు సందేహము మేలైనది. దాచిపెట్టు సందేహమే తలాంతును భూమిలో పాతిపెట్టును.

నేర్పువారు దొరికినప్పుడు ఏమి జరుగునో చూపు సంగతి ఈ వృత్తి చరిత్రలోనే యున్నది. 1975 ఏప్రిల్ 30న సైగాన్ నగరము పడిపోయిన కాలమున వియత్నాము దేశీయులనేకులు శరణార్థులై అమెరికాకు చేరిరి. కాలిఫోర్నియాలో సాక్రమెంటో నగర ప్రాంతమున హోప్ విలేజ్ అను శిబిరమును ఫుడ్ ఫర్ ది హంగ్రీ అను క్రైస్తవ సహాయ సంస్థ నడిపెను. ఆ సంస్థతో కలిసి పనిచేయుచుండిన సినిమా నటి టిప్పీ హెడ్రెన్ అక్కడి స్త్రీలకు ఏదైన ఒక జీవనాధారము చూపవలెనని యత్నించుచుండగా, వారు తన గోళ్లను చూచి ముచ్చటపడుట గమనించెను. తన గోళ్లు తీర్చు స్త్రీనే అచ్చటికి రప్పించి 20 మందికి ఆ పని నేర్పించెను. ఆ ప్రాంతపు శిక్షణాలయమొకటి వారికి పాఠములు చెప్పెను. వారు పరీక్షలో నెగ్గి లైసెన్సు పొందిరి. వారిలో స్వదేశమందు ఉపాధ్యాయినిగా పనిచేసినామె కూడ ఉండెను. ఇల్లు పోయినది, దేశము పోయినది. పరాయి దేశము, పరాయి భాష. వారి యెదుటికి వచ్చిన ప్రతి స్త్రీయు క్రొత్తదే. సందేహించుటకు వారికున్నన్ని కారణములు ఎవరికుండును? నేడు అమెరికాలో గోళ్ల పనివారిలో సుమారు సగముమంది వియత్నాము సంతతివారే.

వారు నేర్చినది రంగు వేయుట మాత్రమే కాదు, చేతిని చదువుట. చేతి గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగును. మొదలునుండి కొనవరకు పూర్తిగా మారుటకు దాదాపు ఆరు మాసములు పట్టును. కాబట్టి గోటిపై అడ్డముగా నున్న గాడి కొన్ని మాసముల క్రిందట వచ్చిన తీవ్రమైన వ్యాధికి గురుతు కావచ్చును. ఎప్పుడును నీళ్లలో నానుచుండు చేతుల గోళ్లు పొరలుగా లేచును. గోరుచుట్టు లేచి చీముపట్టి యున్నయెడల రంగు వేయక వైద్యునియొద్దకు పంపవలెను. దీపపు వెలుగులో గట్టిపరచు జెల్ రంగు పచ్చిగా చర్మమునకు తగులుచుండినయెడల కొందరికి ఎన్నటికిని విడువని ఎలర్జీ కలుగును. ఇవన్నియు తెలిసికొనుటకు ముందుగా ప్రశ్నలు అడుగవలెను. అడుగనారంభించిన క్షణమున ఆ యువతి చూపు తనను విడిచి ఎదుటి చేతివైపు తిరుగును.

"మేడమ్, ఇంతకుముందు ఎప్పుడైనా జెల్ వేయించుకున్నారా? దురద గాని మంట గాని వచ్చిందా?"

"లేదమ్మా, ఇదే మొదటిసారి. మా అమ్మాయి పెళ్లి. ముప్పయ్యేళ్లుగా అంట్లు తోమిన చేతులివి. వీటికి రంగు బాగుంటుందా? పట్టుకోవడానికి నీకే ఇబ్బందేమో."

కుర్చీకి ఇటువైపున నున్న భయమే అటువైపునను ఉండెను! తన్ను తాను చూచుకొనుచున్నంతసేపు ఆ యువతికి ఇది తెలియు మార్గము లేదు.

యోహాను 13వ అధ్యాయములో ప్రభువు శిష్యుల పాదములు కడుగుటకు ముందు సువార్తికుడు ఒక మాట చేర్చెను. తండ్రి సమస్తమును తన చేతికి అప్పగించెననియు, తాను దేవునియొద్దనుండి వచ్చెననియు, తిరిగి ఆయన యొద్దకే వెళ్లుచున్నాననియు ప్రభువు ఎరిగియుండెను. ఎరిగినవాడై భోజనపంక్తినుండి లేచి తువ్వాలు కట్టుకొనెను. సమస్తము అప్పగింపబడిన ఆ చేతులే దుమ్ముపట్టిన పాదములను పట్టుకొనెను. తాను ఎవరివాడో తెలిసినవానికి ఏ పనియు తక్కువ కాదు. చేయించుకొనువారి ముఖమును చూచి తన విలువను లెక్కించుకొను అవసరమును వానికి లేదు. పేతురు మొదట వద్దనెను గాని ప్రభువు చెయ్యి వెనుకకు తీసికొనలేదు.

ఈ మాట మన దేశములో మరి యవసరము. గోళ్లు తీయు పని తరతరములుగా నహరణి పట్టిన క్షురకులకు విడువబడి, హీనముగా ఎంచబడినది. కుమార్తె ఈ పని చేయుచున్నదని సంఘములో చెప్పుటకు సంకోచించు తలిదండ్రులున్నయెడల ఆశ్చర్యము లేదు. అలంకారమును గూర్చిన పేతురు మాటలను (1 పేతురు 3:3), పౌలు మాటలను (1 తిమోతి 2:9) చూపి అభ్యంతరము చెప్పువారును ఉందురు. ఆ మాటలు ధరించువారి హృదయము దేనిమీద ఆనుకొన్నదని అడుగుచున్నవి. ధరించువారు వాటిని ప్రార్థనాపూర్వకముగా ఆలోచింపవలెను. ఒకరి చేతిని శుభ్రపరచుటను అవి నిషేధింపలేదు. వంగి తన కాలిగోళ్లు తీసికొనలేని వృద్ధురాలికి ఆ సేవ ఎంత గొప్పదో పొందినవారికే తెలియును.

చెయ్యి వణకుట మానకపోయినయెడల? నెహెమ్యా మిగుల భయపడెనని అతని గ్రంథమే చెప్పుచున్నది (2:2). రాజు అడిగిన ప్రశ్నకును తానిచ్చిన జవాబునకును నడుమ అతడు ప్రార్థించెను. మోకరించుటకు సమయము లేదు. కన్నులు మూయుటకును వీలులేదు. భయము పోయిన తరువాత మాటలాడెనని అక్కడ వ్రాయబడలేదు. భయముండగానే మాటలాడెను. పనిముట్లను శుభ్రపరచి వరుసగా పేర్చుకొను రెండు నిమిషములు అట్టి ప్రార్థనకు చాలును.

ఒక్కొక్కప్పుడు పని నిజముగానే చెడును. మూడవ దినమున ఒక గోటి అంచున రంగు లేచినదని ఆ స్త్రీ తిరిగి వచ్చుననుకొనుడి. భయపడినదే జరిగెనని ఆ యువతి క్రుంగిపోవచ్చును. లేదా, మీరే నీళ్లలో చేయి పెట్టియుందురని నేరము ఆమెమీదికి నెట్టవచ్చును. రెండును తనను కాపాడుకొను యత్నములే. ఆమె చేయవలసినది వేరొకటి కలదు. "కూర్చోండి మేడమ్, చూద్దాం" అని మరల ఆ చేతిని పట్టుకొనవలెను. రంగు ఏ అంచున లేచినదో వెదకవలెను. చర్మపు అంచుకు జెల్ తగిలియుండవచ్చును. గోటిపై నూనె మిగిలియుండవచ్చును. దానిని పెరికివేయక, అసిటోనుతో నానబెట్టి మెల్లగా తీసి, గోరు ఆరిన పిమ్మట మరల వేయవలెను. కారణము దొరికినయెడల తన నోటుపుస్తకములో ఆ స్త్రీ పేరునకెదురుగా వ్రాసికొనవలెను. తరువాతి కుర్చీలో కూర్చున్న చిన్నదానికి దానిని చూపవలెను. ఆమె నిన్ననే పనిలో చేరినది.