షిఫ్టు మారే వేళ ఒక సీను

1895లో లూమియేర్ సోదరులు ఫ్రాన్సులోని లియాన్‌లో తమ సొంత ఫ్యాక్టరీ గేటుకు ఎదురుగా కెమెరా నిలబెట్టి, పని దిగి బయటికొస్తున్న కార్మికులను తీశారు. ఆ ఏడాది డిసెంబర్ 28న పారిస్‌లో టికెట్టు పెట్టి ఆడించిన బొమ్మల్లో మొదటిది అదే. నిడివి నిమిషం లోపే. పొడుగు గౌన్ల ఆడవాళ్లు, సైకిళ్ల మీద మగవాళ్లు, మధ్యలో ఒక కుక్క. పొద్దున ఆరింటికి పాశమైలారంలో ఏదైనా కంపెనీ ముందు నిలబడి చూడండి, గౌన్ల బదులు చీర మీద వేసుకున్న యూనిఫాం చొక్కాలు, సైకిళ్ల బదులు బైకులు, షేర్ ఆటోలు. బొమ్మ మాత్రం అదే.

ఆ బొమ్మ చరిత్రకెక్కింది గానీ అందులోని ఒక్క మొహమూ మనకు గుర్తుండదు. అందరూ ఇంటికి పోవాలనే వస్తున్నారు, అందరూ పోతున్నారు. ఎవరినీ ఎవరూ ఆపరు, ఎవరికీ ఏదీ అడ్డం రాదు. అదే గేటును మనసులో దిగిపోయే రెండు నిమిషాల సీనుగా మలచాలంటే ఏం చేయాలి? పటాన్‌చెరు ప్రాంతపు కుర్రాళ్లు షార్ట్ ఫిల్మ్ తీయాలని వచ్చినప్పుడల్లా వాళ్లతో కూర్చుని చేసే పని ఇది. కాగితం దగ్గర్నుంచి సౌండ్ మిక్సింగ్ దాకా ఒకే సీనుతో చెబుతాను.

ముందు చూడాలి, రాయకూడదు. ముంబై హైవే మీద పటాన్‌చెరు దాటి ఇస్నాపూర్ చౌరస్తా దగ్గర కుడికి తిరిగితే పాశమైలారం. అటు బొల్లారం, ఖాజీపల్లి, జిన్నారం. మందుల కంపెనీలు, రసాయనాల కంపెనీలు, ఇనుప షెడ్లు. చాలాచోట్ల ఆరు, రెండు, పదికి షిఫ్టులు మారతాయి. ఆ పదిహేను నిమిషాల్లో గేటు దగ్గర జరిగే ప్రతి చిన్న పనినీ నోటుబుక్కులో రాసుకోమంటాను. కాంట్రాక్టరు మనిషి పేర్లు చదువుతుంటే ఒడిశా కుర్రాడు తన పేరు తప్పు పలికినా చెయ్యెత్తడం. లోపలికి పోయే ముందు ఫోను వాచ్‌మన్ దగ్గర పెట్టేటప్పుడు ఆఖరిసారి చూసుకోవడం. రాత్రి షిఫ్టు దిగినాయన చాయ్ కప్పు పట్టుకుని తాగకుండా నిలబడటం. మాటలు రాసుకోవద్దు, చేతులేం చేస్తున్నాయో రాసుకోవాలి.

వాసన గురించి కూడా. ఈ బెల్టులో పెరిగినవాళ్లకు రాత్రిపూట గాలిలో తేలే సాల్వెంట్ల ఘాటు తెలుసు. తెర మీద వాసన పట్టదు. కానీ షేర్ ఆటోలో కొత్తగా ఎక్కినమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, పక్కనున్న హెల్పర్ అదే గాలిలో టిఫిన్ బాక్సు తెరిచి అన్నం తింటుంటే, ప్రేక్షకుడికి ఆ వాసనా తెలుస్తుంది, ఆ హెల్పర్ ఎన్నేళ్లుగా అక్కడున్నాడో కూడా తెలుస్తుంది. వివరించే పాత్ర ఒకటి అక్కర్లేదు.

తర్వాత మనుషులు. మన సీనులో ఇద్దరే: తండ్రి, కొడుకు. తండ్రి రసాయనాల కంపెనీలో కాంట్రాక్టు హెల్పరు, రాత్రి షిఫ్టు దిగి వస్తున్నాడు. కొడుకు పాలిటెక్నిక్ పూర్తి చేసి, ఉద్యోగం దొరక్క, ఇంట్లో చెప్పకుండా అదే కాంట్రాక్టరు దగ్గర పేరు రాయించుకున్నాడు. ఈ రోజే మొదటి షిఫ్టు. ఇద్దరూ గేటు దగ్గర ఎదురుపడతారు. కొడుకు లోపలికి పోవాలి. తండ్రి వాణ్ణి ఆపాలి. సైరన్ మోగడానికి రెండు నిమిషాలుంది.

సీనుకు ఇంత చాలు: ఒకరికి కావలసింది ఇంకొకరికి అడ్డం పడాలి, గడియారం తరుముతుండాలి. చాలామంది ఇక్కడే ఆగి ‘ఎమోషన్’ అని రాసుకుని ముందుకెళ్లిపోతారు. తండ్రికి ఏం కావాలో ఒక్క వాక్యంలో చెప్పలేకపోతే నటుడు కూడా చేయలేడు. ‘కొడుకు ఈ గేటు దాటకూడదు’ అన్నది నటించగలిగే కోరిక. ‘కొడుకు బాగుండాలి’ అన్నదాన్ని నటించడం ఎవరి వల్లా కాదు.

ఊరు వదిలి ఫ్యాక్టరీకి నడిచిన మనిషి మన తెరకు కొత్త కాదు. 1980 మార్చిలో విడుదలైన ‘మా భూమి’లో రామయ్య ఊళ్లో దొరతనం భరించలేక హైదరాబాద్ చేరి ఫ్యాక్టరీ పనిలో పడతాడు. కిషన్ చందర్ నవల ఆధారంగా బి. నర్సింగరావు నిర్మించగా గౌతమ్ ఘోష్ తీసిన ఆ సినిమాకు అప్పటి మెదక్ జిల్లాలోని మంగళపర్తి ఊరే సెట్టు. గద్దర్ గొంగడి వేసుకుని కర్రపట్టి ఆడిపాడిన దృశ్యాన్ని నలభై ఏళ్లు దాటినా ఇక్కడి పెద్దలు కళ్లకు కట్టినట్టు చెబుతారు. ఆ పాటలో తిట్టు నేరుగా దొరకూ నైజాం సర్కారుకూ తగులుతుంది. ఎవరి మీద కోపమో, ఎందుకో అందరికీ తెలుసు. కోరిక అంత సూటిగా ఉన్నచోట కెమెరా విన్యాసాలు చేయనక్కర్లేదు.

ఇక వస్తువు. నా మటుకు ఈ పని మొత్తంలో ఎక్కువ రోజులు పట్టేది ఇదే, పట్టాలి కూడా. మనిషి నోటితో చెప్పలేనిదాన్ని చేతికి అప్పగించే వస్తువు దొరికే దాకా షూటింగు మాట ఎత్తవద్దు. ‘బలగం’ (2023)లో వేణు యెల్దండి ఇంటిల్లిపాదినీ విడగొట్టడానికి వాడిన వస్తువు విందులో ఒక నల్లి బొక్క. అంత చిన్నదాని మీద అన్నేళ్ల పంతం! చివర కాకి ముట్టని పిండం ఆ పంతానికి జవాబు అడుగుతుంది. శ్యామ్ బెనెగల్ ‘అంకుర్’ (1974) ఆఖరున అంతా చూసిన పిల్లవాడు దొర కిటికీ మీదికి రాయి విసురుతాడు. అద్దం పగులుతుంది, తెర ఎర్రబడుతుంది. అక్కడ ఒక్క డైలాగు పడి ఉంటే ఆ రాయి అంత దూరం వచ్చేది కాదు, ఇవాళ్టి దాకా.

మన తండ్రీకొడుకులకు దొరికిన వస్తువు సేఫ్టీ బూట్లు. బూట్లు లేకపోతే వాచ్‌మన్ లోపలికి వదలడు. కొనుక్కోవాలి, లేదా కాంట్రాక్టరు ఇచ్చి జీతంలో పట్టుకుంటాడు. కొడుకు చెప్పులతో వచ్చాడు. తండ్రి కాళ్లకు బూట్లున్నాయి. ఇంకేం కావాలి?

ఆ బూట్లను దగ్గర్నుంచి చూడండి. ముందు భాగంలో తోలు అరిగి లోపలి ఇనుప తొప్పి తళుక్కుమంటోంది. లేసు ఎప్పుడో తెగిపోయి, గోనె సంచులు కుట్టే సుతిలి దారం వేసి ఉంది. మడమ దగ్గర ఏదో ద్రావకం పడి తెల్లటి మచ్చ. ఆర్టు డిపార్టుమెంటు కొత్త బూట్లు కొని మట్టి పూస్తే ఇది రాదు. పనిచేసే మనిషి బూట్లే అడిగి తెచ్చుకుని, ఆయనకు కొత్త జత కొనివ్వాలి. బడ్జెట్టులో ముందు రాయవలసిన పద్దు అది.

ఇప్పుడు మాటలు. మొదటి డ్రాఫ్టులో కడుపులో ఉన్నదంతా కక్కేయాలి. తండ్రి ఇలా అంటాడు: “నా బతుకంత ఈ గేట్లనే పాయె బిడ్డా. ఆ గాలి పీల్చి పీల్చి పానం సగమైంది. నిన్ను సదివిచ్చింది గిందుకేనా?” కొడుకు అంటాడు: “నీ కష్టం సూడలేకనే వచ్చిన బాపు.” అబద్ధమేం లేదు ఇందులో. నటుడికీ దర్శకుడికీ ఈ మాటలు తెలియాలి, అందుకే రాయాలి. తెర మీదికి మాత్రం రానివ్వకూడదు. సీన్లో మిగిలేది ఇది:

“నీ నెంబరెంత?”

“ఎనిమిది.”

“ఇవి తొమ్మిది. గట్టిగ కట్టు.”

తండ్రి బూట్లు విప్పి కొడుకు ముందు పెడతాడు. కొడుకు సుతిలి బిగించి కట్టుకుంటాడు. సైరన్. కొడుకు లోపలికి, తండ్రి కొడుకు చెప్పులేసుకుని రోడ్డు మీదికి. ఆ చెప్పులు ఆయనకు చిన్నవి, మడమ వెనక్కి వేలెడు బయటికి వస్తోంది. ఆపాలని వచ్చిన మనిషి తన చేతులతోనే సాగనంపాడు. ఓడిపోయాడా, ఒప్పుకున్నాడా అన్నది చూసేవాళ్లు ఇంటిదాకా మోసుకుపోతారు.

నెంబర్లు అటూ ఇటూ చేయడానికి లేదు. కొడుకు పాదం పెద్దది, ‘రెండు రోజుల్లో సాగుతాయిలే’ అని రాస్తే చెవికి బాగానే ఉంటుంది. కానీ ఇనుప తొప్పి సాగదని ఈ బెల్టులో ప్రతి హెల్పరుకూ తెలుసు. ఆ ఒక్క మాటతో మన సీను మీద వాళ్ల నమ్మకం పోతుంది.

ఇంత చేసినా, ఈ రెండు నిమిషాలను విడిగా చూపిస్తే సగం బలమే ఉంటుంది. మిగతా సగం ముందు సీన్లలో నాటాలి. ‘మాయాబజార్’ (1957) పెళ్లిపీటల మీద శశిరేఖ లక్ష్మణకుమారుడి కాలు తొక్కితే హాలంతా ఎందుకు పగలబడుతుంది? ఆ పాదం ఘటోత్కచుడిదని రేలంగికి తెలియదు, మనకు తెలుసు. సావిత్రి చూపులో ఎస్వీ రంగారావును చూడటం మనకు ముందే నేర్పారు కాబట్టి. అలాగే మన బూట్లను రెండుచోట్ల ముందే చూపించాలి. ఒకసారి ఇంటి గడప బయట: ఆ మందు మరకల బూట్లను భార్య లోపలికి రానివ్వదు. ఇంకోసారి, బూట్లకు పైసలు పట్టుకుంటారని కాంట్రాక్టరు మనిషి కొడుకుతో అంటున్నప్పుడు. రెండుచోట్లా కెమెరా వాటి మీద ఆగకూడదు, దాటిపోవాలి.

నటులకు పెద్దగా వెతకనక్కర్లేదు. ‘బైసికిల్ థీవ్స్’ (1948)లో తండ్రి వేషం వేసిన లాంబెర్టో మజోరాని అసలు ఫ్యాక్టరీ కార్మికుడు. మన దగ్గర ‘కేరాఫ్ కంచరపాలెం’ (2018) ఎక్కువగా ఆ ఊరి మనుషులతోనే తీసింది. వంగి లేసు విప్పడం వేల సార్లు చేసిన మనిషికి ఆ పని నేర్పక్కర్లేదు. ఆయనకు చెప్పవలసింది ఒక్కటే, ఏడవొద్దని.

నడుస్తున్న కంపెనీ గేటుకు అనుమతి దొరకడం కష్టం, షిఫ్టు ఆపమని అడగడం న్యాయమూ కాదు. మూతపడ్డ షెడ్ల గేట్లు ఈ బెల్టులో ఉన్నాయి, యజమానిని అడిగి వాడుకోవచ్చు. చలికాలం సూర్యుడు రాకముందు, ఆకాశం నీలంగా, గేటు లైటు పసుపుగా ఉండే కాసేపు చాలు. అంత తక్కువ సమయంలో చాలా షాట్లు పడవు, పడనక్కర్లేదు కూడా. ఒకటి గేటంతా కనిపించే వైడ్. ఒకటి మోకాళ్ల ఎత్తులో ఇద్దరి కాళ్లూ బూట్లూ, కత్తిరించకుండా. ఒకటి కొడుకు మొహం. తండ్రి మొహం ఒకే ఒక్కసారి, ఆయన తల ఎత్తినప్పుడు. మొదటి నుంచీ క్లోజప్పులు పోస్తే ఆ ఒక్కదానికి విలువ మిగలదు.

శబ్దం మీద కుర్రాళ్లు అసలు శ్రద్ధ పెట్టరు, నాకు బాధ కలిగేది అక్కడే. డైలాగు డబ్బింగు చేసినా సరే, ఆ చోట నిశ్శబ్దాన్ని ఒక నిమిషం పాటు విడిగా రికార్డు చేసుకోవాలి: పక్క కంపెనీ బాయిలర్ హోరు, దూరంగా హైవే మీది లారీలు, రివర్సు తీసే ట్యాంకరు కూత. నేపథ్య సంగీతం వద్దు. వదులు బూటు నడుస్తుంటే లోపల మడమ లేచి పడే చప్పుడుంటుంది, దాన్ని స్టూడియోలో అవే బూట్లతో పట్టాలి. కొడుకు గేటు దాటి కనుమరుగయ్యాక కూడా ఆ చప్పుడు కాసేపు వినిపించాలి, తండ్రికి వినిపించినంత సేపు.

ఎడిటింగులో తేల్చుకోవలసింది ఒక్క కట్టే. తండ్రి తల ఎత్తిన షాటు తర్వాత ఏం పెడతారు? కొడుకు వీపు పెడితే ఆ చూపు బెంగ. కాంట్రాక్టరు మనిషిని పెడితే కోపం. గేటు మీది కంపెనీ బోర్డు పెడితే నినాదం. నటుడి మొహంలో ఏ మార్పూ లేదు, పక్కనున్న ముక్క అర్థం మారుస్తోంది. రష్యాలో కులెషోవ్ వందేళ్ల కింద చేసి చూపించిన ప్రయోగం ఇదే. నేనైతే కొడుకు వీపు పెడతాను, అది కూడా గేటు కమ్మీల వెనక నుంచి.

ఆఖరి పని చూపించడం. ‘బలగం’ను ఊళ్లలో నడివీధిలో తెరలు కట్టి వేసుకున్నారు, జనం కలిసి కూర్చుని ఏడ్చారు. రెండు నిమిషాల సీనుకు ఇస్నాపూర్‌లో అద్దె గదుల వరండా, గోడకు తెల్లదుప్పటి చాలు. ఒడియా, భోజ్‌పురి మాట్లాడేవాళ్లు కూడా ఉండాలి, మాటలు అర్థం కానివాళ్లకు సీను అందిందో లేదో అప్పుడే తెలుస్తుంది. ‘ఎట్లుంది?’ అని అడగొద్దు, మొహమాటానికి బాగుందంటారు. ఏం జరిగిందో చెప్పమనండి. ఎవరైనా బూట్ల నుంచి మొదలుపెడితే సీనును ఇంక ముట్టుకోవద్దు. సైరన్ నుంచి మొదలుపెడితే దాని వాల్యూము తగ్గించండి. తండ్రి ఎందుకు ఆపలేదని వాళ్లలో వాళ్లు వాదించుకుంటే లైటు వేయకుండా వినండి, తర్వాతి సీను అందులోనే ఉంటుంది.