కరెంటు పని వేరు, నీటి పని వేరు: ఎలక్ట్రిక్ బోటుకు చవకైన వాటర్‌ప్రూఫ్ కనెక్టర్

48 వోల్టుల బ్యాటరీతో 5 కిలోవాట్ల మోటారు నడవాలంటే తీగలో వంద ఆంపియర్లకు పైగా పారాలి. చిన్న ఎలక్ట్రిక్ బోటుకైనా, నీటి మీద లేచి సాగే ఈ-ఫాయిల్ బోర్డుకైనా లెక్క ఇదే. బ్యాటరీని ఛార్జింగ్‌కి బయటికి తీయాలి గనక మధ్యలో కనెక్టర్ తప్పదు. అది అంత కరెంటునూ మోయాలి, ఉప్పునీళ్లలో మునిగినా చుక్క లోపలికి రానివ్వకూడదు. ఈ రెండూ చేసే మెరైన్ కనెక్టర్లు మార్కెట్లో ఉన్నాయి. కాని సొంతంగా బోటు కట్టుకునేవాళ్లకు వాటి ధర భారం.

ఆ భారం తగ్గాలంటే రెండు పనుల్నీ విడదీయాలి. కరెంటు మోసే పనిని రేడియో కంట్రోల్ విమానాల్లో, డ్రోన్లలో వాడే 8 మి.మీ. బుల్లెట్ కనెక్టర్‌కి అప్పగిద్దాం. నీటిని ఆపే పని ఓ-రింగులు, ఎపాక్సీ చూసుకుంటాయి. ఇలా విడదీస్తే రెండు వస్తువులూ చవకగా దొరుకుతాయి, రెండింటినీ విడివిడిగా పరీక్షించుకోవచ్చు.

కావలసినవి

స్పార్క్ రాకుండా లోపల రెసిస్టర్ ఉన్న 8 మి.మీ. బుల్లెట్ల జత ప్లస్‌కి, మామూలు జత మైనస్‌కి. 8 ఏడబ్ల్యూజీ సిలికాన్ తీగ (సుమారు 8.4 చ.మి.మీ. రాగి). 30 మి.మీ. గట్టి పీవీసీ రాడ్. నైట్రైల్ ఓ-రింగులు: 16×2, 18×2 మి.మీ. సైజుల్లో రెండేసి, విడిగా కొన్ని. నెమ్మదిగా గట్టిపడే ఎపాక్సీ, న్యూట్రల్ క్యూర్ సిలికాన్ సీలెంట్, సిలికాన్ గ్రీజు, రోజిన్ ఫ్లక్స్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్.

1. లేత్ పని

ప్లస్ సాకెట్ లోపలి బోరు 20 మి.మీ., ప్లగ్గు బయటి కొలత 19.9 మి.మీ. ప్లగ్గు మీద ఓ-రింగుకి రెండు గాడులు కావాలి. గాడి అడుగున వ్యాసం 16.8, వెడల్పు 2.7 మి.మీ. అప్పుడు 2 మి.మీ. మందమున్న రింగుకి మిగిలే చోటు 1.6 మి.మీ. రింగు ఐదో వంతు దాకా నలుగుతుంది. నీటిని ఆపేది ఆ నలుగుడే. అది మరీ తక్కువైతే కారుతుంది, మరీ ఎక్కువైతే చేత్తో దూర్చలేం.

మైనస్‌కి ప్రతి వ్యాసమూ 2 మి.మీ. పెంచండి: బోరు 22, ప్లగ్గు 21.9, గాడి 18.8. ఈ తేడా కావాలని పెట్టేది. పెద్ద ప్లగ్గు చిన్న సాకెట్లో పట్టదు కాబట్టి ప్లస్, మైనస్ తారుమారై సర్క్యూట్ పూర్తయ్యే అవకాశమే ఉండదు.

సాకెట్ మూతి లోపలి అంచుని ఏటవాలుగా తీయించండి, లేకపోతే అది రింగుని కోసేస్తుంది. బోరు లోపల గీత పడకూడదు. వెనకవైపు ఎపాక్సీ పోసే గుంతలో మాత్రం నాలుగైదు గాడులు గీయించండి. ఎపాక్సీ వాటిలోకి దిగి ఊడకుండా పట్టుకుంటుంది. బ్యాటరీ వైపు ఎప్పుడూ సాకెట్లే ఉండాలి, లోహం లోతుగా ఉండాలి. విప్పినప్పుడు కరెంటున్న భాగం చేతికి తగలకూడదు.

2. సోల్డరింగ్

చాలా కనెక్టర్లు పాడయ్యేది ముందు వైపు నుంచి కాదు, వెనక నుంచి. సన్నని రాగి పోగుల మధ్య నీళ్లు, వత్తి నూనెను పీల్చినట్టు, తీగ పొడవునా పాకుతాయి. దానికి అడ్డు ఇక్కడే కట్టాలి. తీగ చివర తొడుగు కాస్త ఎక్కువగా ఒలిచి, బుల్లెట్ వెనక తీగ దూరే కప్పుకీ తొడుగుకీ మధ్య 10 మి.మీ. రాగి బయట ఉంచండి. ఆ ముక్కంతా పోగుల మధ్య ఖాళీ లేకుండా సోల్డర్‌తో నిండాలి. ఎపాక్సీ సిలికాన్ తొడుగుని అంటుకోదు. ఈ సోల్డర్ నిండిన లోహాన్ని గట్టిగా పట్టుకుంటుంది.

పెద్ద మొన ఉన్న, కనీసం 100 వాట్ల ఐరన్ వాడండి. యాసిడ్ ఫ్లక్స్ వద్దు, మిగిలిపోయిన యాసిడ్ రాగిని తినేస్తుంది.

3. ఎపాక్సీ పోసే ముందు కొలత

జతని కలిపి 20 ఆంపియర్ల డీసీ పంపి, ఒక కప్పు నుంచి రెండో కప్పుకి మిల్లీవోల్టులు చూడండి. 4 లోపు ఉంటే నిరోధం 0.2 మిల్లీఓమ్ లోపే. వంద ఆంపియర్ల దగ్గర పుట్టే వేడి 2 వాట్లు దాటదు. అదే 1 మిల్లీఓమ్ అయితే 10 వాట్లు. మూసిన పీవీసీ లోపల అంత వేడి నిలిస్తే పీవీసీ మెత్తబడుతుంది, రింగు పట్టు వదులుతుంది. ఎపాక్సీ పోశాక సరిదిద్దడం కుదరదు గనక ఈ మెట్టు దాటేయకండి.

4. ఎపాక్సీ

గుంతను గరుకు కాగితంతో రుద్ది, ఆల్కహాల్‌తో తుడవండి. ప్లగ్గు, సాకెట్ కలిపి నిలబెట్టి పోస్తే పిన్నులు సూటిగా నిలుస్తాయి. బుల్లెట్ చుట్టూ సన్నగా ముందు విడత పోసి గట్టిపడనిచ్చి, తర్వాత రెండో విడత పోయండి. ముందు వైపుకి కారే ప్రమాదం పోతుంది. ఐదు నిమిషాల్లో గట్టిపడే రకం వేడికీ తడికీ త్వరగా లొంగుతుంది, వద్దు.

తొడుగు మీద 15 మి.మీ. దాకా ఎపాక్సీ ఎక్కాక, పైన మిగిలిన గుంతను న్యూట్రల్ క్యూర్ సీలెంట్‌తో నింపండి. సిలికాన్ తొడుగుని సిలికానే పట్టుకుంటుంది. వెనిగర్ వాసన వచ్చే సీలెంట్ రాగికి శత్రువు.

5. మునక పరీక్ష

రింగులకు పలుచగా గ్రీజు రాసి, సాకెట్లో టిష్యూ కాగితం ముక్క పెట్టి కలపండి. లోపలి గాలి వెనక్కి నెడుతుంది. రింగుల పక్క నుంచి సన్నని గేలపు దారం ఉంచి దూర్చి, ఆ తర్వాత దారం లాగేస్తే గాలి బయటికి పోతుంది. ఊడిరాకుండా బయట ఒక పట్టీ బిగించండి.

ముందు గోరువెచ్చని నీళ్లలో ఉంచి, వెంటనే చల్లని ఉప్పునీళ్లలో ముంచి రాత్రంతా వదిలేయండి. నడిచి వేడెక్కిన కనెక్టర్ చన్నీళ్లలో పడితే లోపలి గాలి ముడుచుకుని బయటి నీటిని లాగుతుంది. అసలు పరీక్ష అదే. తెల్లారి, ఇంకా నీళ్లలో ఉండగానే, తీగ చివర్లు బయట ఉంచి రాగికీ బకెట్ నీళ్లకీ మధ్య 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ టెస్టర్)తో నిరోధం కొలవండి. చెయ్యి నీళ్లలో పెట్టకూడదు, బ్యాటరీ గానీ కంట్రోలర్ గానీ తగిలించి ఉండకూడదు. వంద మెగోమ్‌లకు పైన నిలకడగా ఉండి, విప్పాక టిష్యూ పొడిగా ఉంటే పాసైనట్టే.

6. బోటులో పెట్టాక

బ్యాటరీకి దగ్గరగా ఫ్యూజు తప్పనిసరి. మోటారు తిరుగుతుండగా విప్పకండి, ఆర్క్ పుట్టి పిన్ను కాలుతుంది. విప్పి ఉంచినప్పుడు సాకెట్లకు మూతలుండాలి. కరెంటున్న సాకెట్లోకి ఉప్పునీళ్లు చేరితే ప్లస్ వైపు లోహం కరిగిపోతుంది. సముద్రం నుంచి రాగానే మంచినీళ్లతో కడిగి, రింగు మీద ఇసుక రేణువు గానీ వెంట్రుక గానీ ఉందేమో చూడండి. అది చాలు నీళ్లు రావడానికి.

తీగల రెండు చివర్ల మధ్య 20 ఆంపియర్ల దగ్గర వచ్చే మిల్లీవోల్టులను మొదటి రోజే రాసి, చీటీని తీగకి కట్టండి. సీజన్‌కోసారి మళ్లీ కొలవండి. 4 మిల్లీవోల్టులు పెరిగిందంటే పూర్తి లోడు మీద మరో 2 వాట్ల వేడి తోడైనట్టు. అప్పుడు ఆ జతని మార్చి కొత్తది పెట్టండి. నీటి మధ్యలో మోటారు ఆగితే పోయేదానితో పోలిస్తే కొత్త జతకయ్యే ఖర్చు చాలా తక్కువ.