ఇంటి కప్పులో పొదిగిన ఎల్.ఇ.డి. దీపములు: ఎన్నిక, అమరిక

పంట చేతికి వచ్చి నాలుగు రూకలు మిగిలిన యేట ఇల్లు కట్టుటయో, ఉన్న యింటిని బాగుచేయించుటయో మన రైతుకుటుంబములలో వాడుక. ఇటీవల కట్టుచున్న స్లాబు ఇండ్లలో జిప్సము పలకలతోగాని, ప్లాస్టర్ ఆఫ్ పారిసుతోగాని స్లాబు క్రింద రెండవ కప్పు వేయించి, దానిలో గుండ్రని దీపములను, చదరపు దీపములను పొదిగించుట గ్రామములందును వ్యాపించినది. ఈ రెండవ కప్పునే పనివారు ఫాల్స్ సీలింగందురు. ఈ దీపములు చూపునకు ఇంపుగా నుండును. విద్యుత్తును తక్కువగా వాడుకొనును. అయితే గోడకు తగిలించిన బల్బు చెడినచో క్షణములో మార్చవచ్చును. కప్పులో పొదిగిన దీపము అట్లు కాదు. రంధ్రము కోసిన పిమ్మట దాని స్థానమును మార్చుట కష్టము. కప్పుపైన దాగిన తీగలలోని లోపము కంటికి కనబడదు. కావున ధనము వెచ్చించుటకు ముందే సభ్యులు తెలిసికొనవలసిన సంగతులను ఈ పాఠమున క్రమముగా వివరించుచున్నాము.

1. ఈ దీపము పనిచేయు విధము

పూర్వపు బల్బులో సన్నని టంగ్‌స్టను తీగ ఎఱ్ఱగా కాగి వెలుగు నిచ్చెడిది. అది తీసికొన్న విద్యుత్తులో అధికభాగము వేడియై పోయెడిది. ఎల్.ఇ.డి.లో కాగు తీగ లేదు. అర్ధవాహక పదార్థముతో చేసిన చిన్న బిళ్ళగుండ విద్యుత్తు ప్రవహించునపుడు అది వెలుగును వెదజల్లును. తెల్లని వెలుగునకు మూలమైన నీలపు ఎల్.ఇ.డి.ని సాధించినందులకు ఇసాము అకసాకి, హిరోషి అమనో, షూజి నకమురా అను శాస్త్రజ్ఞులకు 2014లో భౌతికశాస్త్రపు నోబెల్ బహుమానము లభించినది. మన దేశమున 2015 జనవరి 5వ తేదీన ఉజాలా పథకము ఆరంభమై, ఎల్.ఇ.డి. బల్బులు తక్కువ వెలకు సామాన్యుల ఇండ్లకు చేరినవి.

పొదిగిన దీపమున ముఖ్యభాగములు మూడు. మొదటిది వెలుగునిచ్చు బిళ్ళలు గల పలక. రెండవది ఆ బిళ్ళల వేడిని బయటికి పంపు లోహపు ఒడలు. మూడవది 230 వోల్టుల ఏ.సి. విద్యుత్తును బిళ్ళలకు తగిన డి.సి.గా మార్చు డ్రైవరు అను చిన్న పెట్టె. తఱచుగా మొదట చెడునది బిళ్ళ కాదు, డ్రైవరు. దానిలోని కెపాసిటర్లు వేడికి క్రమముగా ఎండిపోవును. ఉష్ణము 10 డిగ్రీలు హెచ్చిన కొలది వాని ఆయువు రమారమి సగమగునని ఇంజనీర్లు లెక్కగట్టుదురు. రెంటచింతల, రామగుండము వంటి చోట్ల వేసవిలో 45 డిగ్రీలు దాటు దినములు కలవు. ఎండకు కాగిన స్లాబునకును, క్రింది కప్పునకును నడుమనుండు గాలి గదిలోని గాలికంటె ఎక్కువ వేడిగా నుండును. డ్రైవరు పడియుండునది అచ్చటనే. కావున పెట్టెపై 25,000 గంటలని వ్రాసియున్నను, ఆ ఆయువు మనకు దక్కుట దీపము వేడిని ఎట్లు వదలించుకొనుననుదానిపై ఆధారపడును.

2. కొనునపుడు చూడవలసినవి

వాట్లు చూచి వెలుగును అంచనా వేయరాదు. వాటు విద్యుత్తు ఖర్చునకు కొలత. వెలుగునకు కొలత ల్యూమెను. పాత 60 వాట్ల బల్బు రమారమి 700 ల్యూమెనుల వెలుగు నిచ్చెడిది. మంచి ఎల్.ఇ.డి. ఆ వెలుగును 8 వాట్లతోనే ఇచ్చును. ఒకే వాట్ల దీపములు రెండున్నచో, ఎక్కువ ల్యూమెనులు గలదానిని ఎన్నుకొనుడు. పెట్టెపై ల్యూమెనుల సంఖ్యయే లేని సరకును తీసికొనకుడు.

వెలుగు రంగును కెల్విను అను కొలతతో తెలుపుదురు. 2700 మొదలు 3000 వఱకు గలది దీపపుసెమ్మె కాంతివలె పసిమిగా నుండును. 4000 గలది మధ్యస్థము. 6500 గలది నీలిచాయ తెలుపు. పడకగదికి పసిమి వెలుగు, వంటయింటికిని చదువు బల్లకును మధ్యస్థపు వెలుగు అనుకూలము. తొలకరి వానలకు ఉసిళ్ళు ముసరుట అందఱు ఎఱిగినదే. నీలిచాయ వెలుగునకంటె పసిమి వెలుగునకు పురుగులు తక్కువగా వచ్చును గనుక, వసారాకు పసిమిదే మేలు.

సి.ఆర్.ఐ. అను సంఖ్య వస్తువుల నిజమైన రంగు ఎంతవఱకు కనబడునో తెలుపును. దీనికి గరిష్ఠము 100. ఇంటికి 80కి తగ్గరాదు. బియ్యములో మట్టిబెడ్డలు ఏరుచోట, కూరగాయలు తరుగుచోట 90 గలది దొరికిన మంచిది.

వోల్టేజి విషయము పల్లెవాసులకు మిక్కిలి ముఖ్యము. మోటార్లు ఆరంభమగు సమయమున వోల్టేజి పడిపోవును. న్యూట్రలు తీగ తెగినపుడు 230 వోల్టులు రావలసిన చోట 400 వోల్టుల వఱకు రావచ్చును. 100 మొదలు 300 వోల్టుల వఱకు ఓర్చుకొనునని వ్రాసియున్న డ్రైవరును, పిడుగుల వలన గలుగు పెనుపోటులను కొంత తట్టుకొను సర్జి రక్షణ గలదానిని ఎన్నుకొనుడు.

వేడిని బయటికి పంపుటకు అల్యూమినియపు ఒడలు గలది శ్రేష్ఠము. ప్లాస్టిక్కు ఒడలు గల చవుకరకము చేతికి తేలికగా నుండును గాని వేడిని వదలలేదు. స్నానపుగదికిని, వానజల్లు తగులు వసారాకును ఐ.పి. 44కు తగ్గని దీపము కావలెను. సాధారణ గదులకు ఐ.పి. 20 చాలును.

కడపట, ఈ దీపములకును డ్రైవర్లకును భారత ప్రమాణముల సంస్థయొద్ద నమోదు తప్పనిసరి. ఆ సంస్థ గుర్తును, ఆర్ అను అక్షరముతో మొదలగు నమోదు సంఖ్యను దీపముమీద చూచి కొనుడు. రసీదును, గ్యారంటీ కాగితమును భద్రపఱచుడు.

3. ఎన్ని దీపములు, ఎచ్చట?

12 అడుగుల వెడల్పు, 14 అడుగుల పొడవు గల గదిని ఉదాహరణముగా తీసికొందము. దాని వైశాల్యము 168 చదరపు అడుగులు, అనగా రమారమి 15.6 చదరపు మీటర్లు. ఒక చదరపు మీటరుపై ఒక ల్యూమెను పడినచో దానిని ఒక లక్సు అందురు. కూర్చుండు గదికి 150 లక్సులు చాలును. 15.6ను 150తో గుణింపగా 2,340 ల్యూమెనులు. దీపమునుండి వెలువడిన వెలుగులో కొంత గోడలు, సామానులు మ్రింగును. నూటికి 60 వంతులు మాత్రమే మనకు దక్కునని లెక్కించినచో, దీపములన్నియు కలిసి 3,900 ల్యూమెనులు ఈయవలెను.

దీనికి 700 ల్యూమెనులిచ్చు 8 వాట్ల దీపములు 6 గాని, 1,000 ల్యూమెనులిచ్చు 12 వాట్ల దీపములు 4 గాని సరిపోవును. రెండింటికిని మొత్తము 48 వాట్లే. ఏది మేలు? మన గదుల నడుమ పంకా యుండును. దీపము కప్పులోను, పంకా దానికి దిగువను ఉండుటచే, దీపము పంకాకు సమీపమున నున్నచో రెక్కల నీడలు గోడలపై ఎడతెగక పరుగిడి కన్నులకు బాధ గలిగించును. 48 అంగుళముల పంకా రెక్కలు నడిమినుండి 2 అడుగుల దూరము తిరుగును. దీపములు ఆరైనచో నడిమి రెండును పంకా నడిమికి 3 అడుగుల దూరముననే పడును. నాలుగైనచో ప్రతిదియు నాలుగున్నర అడుగులకు పైగా దూరమున నుండును. కావున ఈ గదికి నాలుగే మేలు. కోయవలసిన రంధ్రములును తగ్గును.

స్థానమును నిర్ణయించుటకు సులభమైన సూత్రము కలదు: గోడకును మొదటి దీపమునకును గల దూరము, రెండు దీపముల నడిమి దూరములో సగ ముండవలెను. పై గదిలో పొడవువైపున గోడనుండి మూడున్నర అడుగులకు మొదటిది, దానికి 7 అడుగులకు రెండవది. వెడల్పువైపున గోడనుండి 3 అడుగులు, నడుమ 6 అడుగులు. వంటయింటిలో మాత్రము ఈ సూత్రముతో తృప్తిపడక, వంటగట్టుకు సరిగా పైన ఒక దీపమును వేయుడు. వెనుకనుండి వెలుగు వచ్చినచో వండువారి నీడ వారి చేతులపైననే పడును.

నాలుగు దీపములకు ఒకే స్విచ్చి పెట్టక, రెండేసి దీపములకు ఒక్కొక్కటి పెట్టించిన, అవసరము కొలది వెలిగించుకొనవచ్చును. నాలుగును దినమునకు 5 గంటలు వెలిగినచో నెలకు 7.2 యూనిట్లగును. అంతటి వెలుగును పాత 60 వాట్ల బల్బులు ఆఱింటితో పొందినచో 54 యూనిట్లు కాగలవు.

4. ఏ కప్పులో పొదుగరాదు?

స్లాబును ఉలితో తొలిచి దీపమును పొదుగుట ఎన్నటికిని కూడదు. కాంక్రీటు పొర పలుచనై లోపలి ఇనుప చువ్వలకు తేమ తగిలి త్రుప్పుపట్టును. స్లాబు బలము చెడును. క్రొత్త యిల్లు కట్టువారు సెంట్రింగు వేయునపుడే గొట్టములను, పెట్టెలను అమర్పించుకొనవలెను. రెండవ కప్పు లేని స్లాబు ఇంటికి, కప్పునకు అంటి నిలుచు పైరకపు పానెలు దీపము చాలును. తాటాకు, గడ్డి కప్పులలో డ్రైవరునుగాని, తీగల అతుకునుగాని దాచరాదు; అది అగ్నిని పిలుచుటయే. ధాన్యపు కొట్లయందును, పశువుల పాకలయందును ధూళి చొరని ఐ.పి. 65 దీపమును పైకి కనబడునట్లు బిగించుటయే క్షేమము.

5. అమర్చు క్రమము

ఈ పనిని అనుమతిపత్రము గల వైరుమానుచేతనే చేయింపవలెను. అయినను యజమాని దగ్గఱ నుండి ఈ క్రమమును గమనింపవలెను.

మొదట, జిప్సము పలకలు బిగింపకముందే దీపముల స్థానములను కాగితముపై గీసి, ఇనుప పట్టీలు ఆ స్థానములకు అడ్డు రాకుండ చూడవలెను. స్లాబునకును కప్పునకును నడుమ 4 మొదలు 6 అంగుళముల ఖాళీ యుండుట మంచిది.

రెండవది, తీగలన్నియు గట్టి పి.వి.సి. గొట్టములలో దీపము చెంతవఱకు రావలెను. ధాన్యము నిలువయుండు ఇండ్లలో ఎలుకలు తప్పవు. కప్పుపైన విడిగా పడవేసిన తీగను అవి కొఱికినచో నిప్పు పుట్టవచ్చును. దీపముల తీగ 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగితీగగా నుండవలెను. ఒక వలయమున 10 పాయింట్లను, 800 వాట్లను మించనీయరాదు.

మూడవది, స్విచ్చి ఫేజు తీగపై నుండవలెనే కాని న్యూట్రలుపై నుండరాదు. న్యూట్రలుపై నున్నచో స్విచ్చి ఆర్పినను దీపమునకు విద్యుత్తు అందుచునే యుండి, మార్చబోవువానికి ప్రాణాపాయము కలుగును. ఆర్పిన పిమ్మటను రాత్రివేళ దీపము మినుకుమినుకుమనుచుండుట ఈ లోపమునకు గుర్తు కావచ్చును. అట్లు కనబడిన వెంటనే పరీక్ష చేయింపుడు.

నాలుగవది, మెయిను ఆర్పి, టెస్టరుతో నిర్ధారణ చేసికొనిన పిమ్మటనే పని ఆరంభింపవలెను. దీపపు పెట్టెపై నున్న రంధ్రపు కొలతకు కాగితము కత్తిరించి, కప్పుపై నుంచి గీత గీసి, హోల్ సాతో మొదట ఒక్క రంధ్రమును మాత్రమే కోసి, దీపమును పెట్టి చూడవలెను. సరిపోయిన పిమ్మట మిగిలినవి కోయవలెను. రంధ్రము చిన్నదైన పెంచవచ్చును. పెద్దదైన దానిని తగ్గింపలేము.

ఐదవది, అతుకులను మెలిపెట్టి టేపు చుట్టి వదలక, కనెక్టరుతో బిగించి మూతగల పెట్టెలో నుంచవలెను. లోహపు ఒడలు గల దీపమున ఎర్తు గుర్తు ఉన్నచో ఎర్తు తీగను తప్పక కలుపవలెను. డ్రైవరు ఆ రంధ్రముగుండనే బయటికి తీయుటకు వీలుగా నుండవలెను. దానిపై దూదివంటి ఉష్ణనిరోధకమును కప్పరాదు.

6. మొదటి రూపాయి దేనికి?

ఇల్లు చూడవచ్చినవారు కప్పులోని దీపములను మెచ్చుకొందురు. ఎర్తు గుంటను ఎవ్వరును మెచ్చుకొనరు. అందుచేతనే ఇంటికి సరిపడు ధనము చాలనపుడు తఱచుగా ఎర్తునే మానివేయుదురు. ఇది విపరీతమైన పొదుపు. సరియైన ఎర్తు, మంచి తీగ, వలయమునకు తగిన ఎం.సి.బి., 30 మిల్లీయాంపియర్లకు కదలు ఆర్.సి.సి.బి., ఇవి నాలుగును ముందు. ఆర్.సి.సి.బి. మనుష్యుని ఒడలిగుండ విద్యుత్తు భూమికి పారునపుడు క్షణములో సరఫరాను తెంచును. దానిపై నున్న పరీక్ష మీటను నెలకొకమాఱు నొక్కి చూడవలెను. ఈ నాలుగును కుదిరిన పిమ్మట మిగిలిన ధనముతో రెండు గదులకే పొదిగిన దీపములు వచ్చినచో, రెండు గదులకే వేసికొనుడు. మిగిలినవి వచ్చు పంటకు వేసికొనవచ్చును. పోయిన ప్రాణము మఱియొక పంటకు తిరిగి రాదు.

సంఘముద్వారా కొనుటలో ఒక ప్రత్యేక ప్రయోజనము కలదు. పదిమంది సభ్యులు ఒకే తయారీ, ఒకే కొలత గల దీపములను కలిసి కొన్నచో వెల తగ్గుటయే గాక, విడి డ్రైవర్లను, రెండు మూడు అదనపు దీపములను సంఘముననే నిలువ యుంచవచ్చును. కొంతకాలమునకు అదే కొలత దీపము అంగడిలో దొరకనపుడు, ఒక్క దీపము కొఱకు కప్పు నంతయు చెడగొట్టుకొను అవస్థ తప్పును.

సభ్యులు పరీక్షించుకొనుటకు ప్రశ్నలు

1. మీ యింటి దీపముల స్విచ్చులు ఫేజుపై నున్నవా, న్యూట్రలుపై నున్నవా?
2. 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు గల గదికి 150 లక్సుల చొప్పున ఎన్ని ల్యూమెనులు కావలెను? 12 వాట్ల దీపములైనచో ఎన్ని?
3. ఆ గదిలో పంకా నడుమ నున్నచో దీపములను గోడనుండి ఎంత దూరమున ఉంచుదురు?
4. మీ యింట ఆర్.సి.సి.బి. కలదా? దాని పరీక్ష మీటను కడపట ఎప్పుడు నొక్కితిరి?