ప్రయాణికుని పాథేయం: దక్షిణ ఇటలీ తీరంలో ఐదు రోజులు

ఉత్తర ఆఫ్రికాలోని కైరవాన్ నగరంలో పదవ శతాబ్దంలో ఇబ్నుల్ జజ్జార్ అను వైద్యుడు ఉండెడివాడు. వైద్యుడు దొరకని దూరదేశాలలో సంచరించే వారి కొరకు ఆయన ఒక గ్రంథం రచించి దానికి 'జాదుల్ ముసాఫిర్' అని పేరు పెట్టినాడు. ఉర్దూ చదివిన విద్యార్థులకు ఈ పేరును విప్పి చెప్పనక్కరలేదు. తెలుగులో చెప్పవలెనంటే 'ప్రయాణికుని పాథేయం', అనగా దారిబత్తెం. శిరస్సుకు వచ్చే వ్యాధులతో మొదలై పాదాల వరకు సాగే ఈ గ్రంథాన్ని, పదకొండవ శతాబ్దంలో ఆఫ్రికా నుండి దక్షిణ ఇటలీకి వచ్చిన కాన్‌స్టంటైన్ అను పండితుడు లాటిన్‌లోనికి మార్చినాడు. లాటిన్‌లో దాని పేరు 'వియాటికుమ్'. ఆ మాటకూ అర్థం దారిబత్తెమే. సలెర్నో పట్టణపు వైద్యవిద్యాలయం ద్వారా ఆ గ్రంథం యూరప్ అంతటా కొన్ని శతాబ్దాలపాటు పాఠ్యపుస్తకంగా వాడుకలో ఉన్నది.

ఆ తీరానికే వెళ్ళివచ్చుటకు ప్రణాళిక వ్రాసి ఇమ్మని మన కళాశాల పూర్వ విద్యార్థి ఒకడు నన్ను కోరినాడు. అతడు గల్ఫ్ దేశంలో ఉద్యోగి. వానికి దొరికే సెలవు ఐదు రోజులు. వెంట తండ్రిని తీసుకొని పోవలెనని కోరిక. ఆ పెద్దాయన నగరంలో ఉర్దూ పత్రికలకు ఏండ్ల తరబడి కాతిబ్‌గా పనిచేసి, కంప్యూటర్లు వచ్చిన తరువాత కలం ప్రక్కన పెట్టినవారు. "సార్, వాలిద్ సాహెబ్‌కు మోకాళ్ళ నొప్పులు. ఇంకో రెండేండ్లు ఆగితే తీసుకుపోలేనేమో" అని వ్రాసి, చూడవలసిన స్థలాల జాబితా జతపరచినాడు. రోమ్, నేపుల్స్, పాంపే, కాప్రీ ద్వీపం, సొరెంతో, పొజితానో, అమాల్ఫీ, బారీ, పలెర్మో. ఐదు రోజులకు తొమ్మిది ఊళ్ళు!

ఈ జాబితా ఒక్క వానిది కాదు. మొదటిసారి విదేశం పోయే ప్రతివాడూ ఇట్టిదే వ్రాస్తాడు. అటువంటివాడు పటం ముందుంచుకొని ఆలోచించవలెను. ఇటలీ దేశం పాదరక్షవలె సముద్రంలోనికి చొచ్చుకొని ఉన్నది. నేపుల్స్, సలెర్నో పడమటి తీరంలోనివి. బారీ తూర్పున ఏడ్రియాటిక్ సముద్రం మీది ఊరు, నడుమ పర్వతాలు. పలెర్మో సిసిలీ ద్వీపంలోనిది. నేపుల్స్ నుండి ఓడలో పోతే ఒక రాత్రి ప్రయాణం. పెట్టె సర్దుటకు, స్టేషన్‌కు పోవుటకు, కొత్త గది వెదకుటకు పట్టే సమయం ఎవరి జాబితాలోనూ ఉండదు. గది మార్చిన ప్రతిసారీ సగం దినం పోయినట్లే లెక్కించుకొనవలెను.

నేను జాబితాను ప్రక్కన పెట్టి వానికి ఒకే ప్రశ్న వేసినాను: మీ నాన్నగారు ఏమి చూడగోరుతున్నారు? వారం తరువాత జవాబు వచ్చినది. "కాగితం చేసే చోటు చూడాలంటున్నారు. జీవితమంతా కాగితం మీద వ్రాసినాను గాని, అది నీళ్ళలోనుండి పైకి లేవడం చూడలేదన్నారు." ఇక ప్రణాళిక దానంతట అదే రూపొందినది. చూడవలసిన ఊరు అమాల్ఫీ.

నేడు అమాల్ఫీ కొండకు అంటుకొన్న చిన్న పట్టణం. తొమ్మిదవ శతాబ్దంలో, 839లో, లాంబార్డు ప్రభువుల చేతినుండి బయటపడి స్వతంత్ర నౌకారాజ్యమైనది. దాని వర్తకులు ఈజిప్టుతోను, కాన్‌స్టాంటినోపుల్‌తోను వ్యాపారం చేసినారు. పదవ శతాబ్దంలో ఆ తీరాన్ని గురించి వ్రాసిన అరబ్బు భూగోళవేత్త ఇబ్న్ హౌకల్ ఆ ప్రాంతపు నగరాలన్నిటిలో అమాల్ఫీయే మిక్కిలి సంపన్నమని ప్రశంసించినాడు. అది ముద్రించిన బంగారు నాణెం 'తరీ' పేరు కూడ అరబ్బీదే. ఫాతిమీ పాలకుల అనుమతితో జెరూసలేములో యాత్రికుల కొరకు వైద్యశాల నెలకొల్పినవారు అమాల్ఫీ వర్తకులే. 1135లోను, 1137లోను పీసా నౌకాదళం ఈ ఊరిని కొల్లగొట్టినది. 1343 నాటి ఉప్పెన రేవును సముద్రంలో కలిపివేసినది.

అయితే ఈ చరిత్రను ఒకే రంగులో చిత్రించుట న్యాయం కాదు. ఆ తీరం పొడవునా కనిపించే పాత రాతిబురుజులు సముద్రం మీదుగా వచ్చే ముస్లిం దాడులను కనిపెట్టుటకు కట్టినవి. 849లో ఓస్తియా వద్ద అరబ్బు నౌకలతో పోరాడిన వారిలో అమాల్ఫీ నావికులూ ఉన్నారు. కొలది దశాబ్దాలకే, అరబ్బులతో స్నేహం మానని కారణాన అదే అమాల్ఫీ మీద పోపు ఆగ్రహించినాడు. యుద్ధమూ వర్తకమూ ఒకే రేవులో సాగినవి. దాడిచేసిన వారిని మరచి పండితులను మాత్రమే స్మరించుట, పండితులను మరచి దాడులనే స్మరించుట, రెండూ సగం చదువులే.

ఇక కాగితం. చైనాలో పుట్టి సమర్‌ఖండ్, బాగ్దాద్‌ల మీదుగా పడమటికి సాగిన ఈ విద్యను అమాల్ఫీవారు అరబ్బు లోకంతో వర్తకం వలన నేర్చినారు. అక్కడి కాగితానికి 'బంబాజీనా' అని పేరు. సిరియాలోని మన్‌బిజ్ పట్టణపు పేరు నుండి ఆ మాట వచ్చినదని కొందరు, పత్తి అను అర్థం గల మాట నుండి అని కొందరు అంటారు. మనం దుకాణంలో 'రీమ్' కాగితం అడుగుతాము కదా, ఆ మాట అరబ్బీ 'రిజ్మా' నుండి, అనగా కట్ట అను పదం నుండి, యూరప్ భాషలలోనికి పోయి తిరిగి మనకు వచ్చినది. అరబ్బీ విద్యను అంతగా ఆదరించిన రెండవ ఫ్రెడరిక్ చక్రవర్తి కూడ 1231 నాటి తన శాసనంలో దస్తావేజులు తోలు మీదనే వ్రాయవలెనని, కాగితం నిలువదని ఆజ్ఞాపించినాడు. నేపుల్స్ విశ్వవిద్యాలయాన్ని 1224లో స్థాపించినది ఈయనే.

అమాల్ఫీలో ప్రధాన దేవాలయపు మెట్ల ముందునుండి ఊరిలోనికి పోయే వీధి మెల్లగా ఎక్కుతుంది. ఆ వీధి చివర వాగు వెంట మరల లోయ, అందులో పాత మిల్లు ఒకటి నేడు కాగితపు మ్యూజియంగా ఉన్నది. నీటిచక్రంతో తిరిగే కొయ్య సుత్తులు పాత గుడ్డలను దంచి గుజ్జు చేయుట, ఆ గుజ్జును తొట్టిలో కలిపి తీగజల్లెడతో పైకి తీయుట, తడిరేకును కంబళిపై బోర్లించుట, ఇవన్నీ చేసి చూపుతారు. అడిగితే చూపరులచేత కూడ ఒక కాగితం చేయిస్తారు. 1954 అక్టోబరు వరదలతో ఆ లోయలోని మిల్లులు చాలవరకు మూతపడినవి. ఒకనాటి హైదరాబాద్ రాష్ట్రంలోని కాగజీపురా, కోరుట్లలలో చేతికాగితం చేసిన కుటుంబాల కథ తెలిసినవారికి ఈ లోయ పరాయిదిగా తోచదు.

బస ఎక్కడ? అందరూ అమాల్ఫీలోనో పొజితానోలోనో గది తీసుకుంటారు. అవి మెట్ల ఊళ్ళు. పెట్టె మోసుకొని వందమెట్లు ఎక్కవలసిన గదులు అక్కడ సర్వసాధారణం, అద్దె కూడ ఎక్కువ. మోకాళ్ళ నొప్పిగల వానికి సలెర్నో మేలు. రోమ్ నుండి వేగవంతమైన రైళ్ళు నేపుల్స్ మీదుగా నేరుగా సలెర్నో వరకు పోతాయి. స్టేషన్ నుండి సముద్రతీరం దగ్గర, తీరం వెంట సమతలమైన నడకదారి. లాంచీల రేవు కూడ అక్కడే. అమాల్ఫీకి ముప్పావుగంటలోపు ప్రయాణం. అయితే లాంచీలు వసంతం నుండి శరత్తు వరకే నడుస్తాయి, సముద్రం పొంగితే ఆ రోజు ఆగిపోతాయి. కొండ అంచున మెలికలు తిరిగే ఇరుకు రోడ్డుపై బస్సు ఎప్పుడూ ఉంటుంది. దాని టికెట్టు సాధారణంగా పొగాకు దుకాణాలలో ముందుగా కొనుక్కోవలెను. కాలం ఏప్రిల్, మే, లేదా సెప్టెంబరు చివర, అక్టోబరు. ఆగస్టులో ఇటలీ అంతా ఆ తీరానికే వస్తుంది.

ఒక దినం సలెర్నోకే ఇచ్చినాను. అక్కడి దేవాలయపు ప్రాంగణం, నడుమ ఫౌంటెన్, చుట్టూ వంపుల మండపం, నీడన కూర్చుండుటకు తగినవి. వైద్యవిద్యాలయపు భవనం నేడు లేదు గాని మూలికల తోట ఒకటి పాత ఊరిలో ఉన్నది. పన్నెండవ శతాబ్దంలో ఇక్కడ స్త్రీల వ్యాధులకు చికిత్స చేసి ప్రసిద్ధికెక్కిన త్రోతా అను వైద్యురాలిని మన విద్యార్థినులు తప్పక తెలిసికొనవలెను.

నేపుల్స్ పురావస్తు మ్యూజియానికి ఒక దినం. ఇక్కడ నా స్వంత తెలివితక్కువతనం చెప్పుకోక తప్పదు. చాల ఏండ్ల క్రిందట నేను ఆ నగరంలో ఒక్కరోజు మాత్రమే ఆగి, ఒక చిన్న బొమ్మ కొరకు ఆ మ్యూజియానికి పోయినాను. తలుపులు మూసి ఉన్నవి. అది మంగళవారం, ఆ మ్యూజియానికి వారపు సెలవు. తప్పు నాది, ముందుగా విచారించి ఉంటే ఒక దినం అటు ఇటు జరిపి ఉందును. మెట్ల మీద కొంతసేపు కూర్చుండి, రైలెక్కినాను. మళ్ళీ అటు పోవు యోగం నాకు కలుగలేదు.

ఆ బొమ్మ ఏమిటో చెప్పవలెను. 1938లో పాంపే శిథిలాలలో దొరికిన దంతపు స్త్రీమూర్తి, ఎత్తు సుమారు 25 సెంటీమీటర్లు, ఒడలినిండ ఆభరణాలు, ఇరుప్రక్కల చిన్న పరిచారికలు. మొదట లక్ష్మి అన్నారు. యక్షి అని నేటి పండితుల్లో పలువురి మతం. ఇట్టి దంతపు పనితనమే శాతవాహనుల ఏలుబడిలోని తేర్, భోకర్దన్‌లలో లభించినది. వెసూవియస్ అగ్నిపర్వతం పాంపేను పూడ్చినది క్రీ.శ. 79లో. కనుక అంతకుముందే ఆ మూర్తి సముద్రాలు దాటి అక్కడకు చేరినది. బదులుగా వచ్చిన రోమన్ నాణేలు మన వినుకొండలోను, నల్గొండ ప్రాంతపు అక్కనపల్లిలోను త్రవ్వకాలకు చిక్కినవి. భారతదేశం ఏటా ఐదుకోట్ల సెస్టర్సుల ధనం లాగివేస్తున్నదని వాపోయిన రోమన్ గ్రంథకర్త ప్లీనీ ఆ తీరపు నౌకాదళానికే అధిపతి. అదే విస్ఫోటనంలో, పాంపే దగ్గరలోని స్టేబియే తీరాన మరణించినాడు. పాంపేకు ఇంకొక దినం కేటాయించినాను గాని, ఎగుడుదిగుడు రాతిదారులు గనుక ఉదయం రెండు గంటలు చాలునని వ్రాసినాను.

ఐదవ దినం ఖాళీ. దానిని ఎవరూ నింపరాదని గట్టిగా చెప్పినాను.

చిల్లర విషయాలు కొన్ని. షెంగెన్ వీసాకు ఎవరు ఎక్కడ చట్టబద్ధంగా నివసిస్తున్నారో అక్కడే దరఖాస్తు చేయవలెను. కొడుకు గల్ఫ్‌లో, తండ్రి భారతదేశంలో. ప్రయాణానికి ఆరు నెలలకు ముందు స్వీకరించరు, పదిహేను రోజులకన్న ఆలస్యం కారాదు. కనీసం 30,000 యూరోల వైద్యబీమా ఉండవలెను. వీసా చేతికి రాకముందు వాపసు రాని టికెట్టు కొనరాదు. ఆహారానికి చేపలున్నవి, 'మారినారా' అను పిజ్జాలో టమాటా, వెల్లుల్లి, నూనె మాత్రమే. అయితే కొన్ని పిండివంటలలో పందికొవ్వు వాడుక కలదు, అడిగి తినవలెను. నిమ్మకాయలు మాత్రం మనవే అనుకోవచ్చును. ఇటాలియన్ 'లిమోనె' అరబ్బీ, ఫారసీల మీదుగా పోయినది. మన ఉర్దూ 'లీమూ' దాని తోబుట్టువు.

తండ్రీకొడుకులు ఏప్రిల్‌లో వెళ్ళివచ్చినారు. అమాల్ఫీకి అనుకున్న దినాన సముద్రం పొంగి లాంచీలు ఆగినవి. ఆ బస్సు మలుపులకు తండ్రి తాళలేరని కొడుకు భయపడినాడు. ఖాళీగా ఉంచిన ఐదవ దినం అక్కరకు వచ్చినది. మిల్లులో కాతిబ్ సాహెబ్ చేతికి జల్లెడ ఇచ్చినారట. మొదటి కాగితం ఒకవైపు మందమై పోయినది, రెండవది కుదిరినది. వెలుతురుకు ఎత్తి చూసి, దీనికి ఆహార్ ఏది అని కొడుకుచేత అడిగించినారు. మనవైపు గంజి పూసేవారు, ఇటలీలో పదమూడవ శతాబ్దం నుండి తోలుజిగురు వాడుక.

మొన్న వారింటికి పోయినప్పుడు ఆ కాగితం చూపించినారు. దానిపై ఇంకా ఏమీ వ్రాయలేదు. ముందు ముహ్రా వేసి నునుపు చేయవలెనట. "అకీక్ రాయి ఎక్కడ పెట్టినానో, మాస్టర్ సాబ్, వెదుకుతున్నాను" అన్నారు.